పెద్ద ఫ్యామిలీ సెడాన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్: ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద సెడాన్ వాడుతున్నవాళ్ల నుంచీ, కొనాలనుకుంటున్నవాళ్ల నుంచీ వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కారు బాగుంది, ఇంట్లో అందరికీ నచ్చింది, గేర్‌బాక్స్ దగ్గరే టెన్షన్ అంటారు. అందుకే ఆ ప్రశ్నలను కొనే ముందు నుంచి పెద్ద రిపేరు దాకా వరుసగా పెట్టి ఇక్కడ సమాధానాలు రాశాను. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా అర్థమవుతుంది, కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి.

## కొనే ముందు

ఓనర్లు కారు బ్రహ్మాండంగా ఉందంటారు, గేర్‌బాక్స్‌ని మాత్రం తిడతారు. ఏది నమ్మాలి?

రెండూ నమ్మొచ్చు. పెద్ద సెడాన్ కొన్నవాళ్లకు నచ్చేవి వెనక సీట్లో కాళ్లు చాపుకునే చోటు, పెద్ద డిక్కీ, హైవే మీద నిలకడ, లోపలి నిశ్శబ్దం. ఇవి కొన్న రోజు నుంచి అమ్మే రోజు దాకా అలాగే ఉంటాయి. గేర్‌బాక్స్ అలా కాదు. అది నిమిషానికి పదిసార్లు పని చేస్తుంది, డ్రైవర్ కాలికీ ఒంటికీ ప్రతిసారీ తెలుస్తుంది. పైగా కారు ఎంత నిశ్శబ్దంగా ఉంటే చిన్న కుదుపు అంత స్పష్టంగా బయటపడుతుంది. చిన్న కారులో ఎవరూ పట్టించుకోని జర్క్ ఇక్కడ కంప్లయింట్ అవుతుంది. కాబట్టి రివ్యూ చదివేటప్పుడు "గేర్ మారడం నచ్చలేదు" అన్నవాళ్లనీ "గేర్‌బాక్స్ విప్పాల్సి వచ్చింది" అన్నవాళ్లనీ వేరు చేసి చూడండి. మొదటిది అభిరుచికి సంబంధించినది. రెండోది డబ్బుకి సంబంధించినది.

సర్వేలో మంచి ర్యాంకు వచ్చిన కారుకి గేర్‌బాక్స్ సమస్యలు ఎలా వస్తాయి?

సర్వే ఏ వయసు కారుని అడిగిందో చూడాలి. కార్ల ఓనర్లను సర్వే చేసే అమెరికా సంస్థ జేడీ పవర్ నిర్వహించే ప్రారంభ నాణ్యత సర్వే మొదటి 90 రోజుల అనుభవాన్నే లెక్కిస్తుంది. అదే సంస్థ మన్నిక మీద చేసే సర్వే మూడేళ్ల కార్ల గురించి అడుగుతుంది. వస్తువులను పరీక్షించి నివేదికలిచ్చే అమెరికా సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ ఓనర్ల సంతృప్తి కోసం అడిగే ముఖ్యమైన ప్రశ్న "ఇదే కారు మళ్లీ కొంటారా" అని. మన్నికకు అక్కడ వేరే లెక్క ఉంటుంది. గేర్‌బాక్స్ లోపల క్లచ్‌లు, బెల్ట్, సోలినాయిడ్‌లు (ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్‌లు) అరిగి బయటపడేది చాలాసార్లు ఐదారేళ్ల తర్వాతే. కాబట్టి 90 రోజుల ర్యాంకు చూసి గేర్‌బాక్స్ మీద భరోసా పెట్టుకోకండి. అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్‌తో ఆరేడేళ్ల క్రితం వచ్చిన కార్లు ఇప్పుడెలా ఉన్నాయో కనుక్కోండి.

ఒక మోడల్ మీద వందల కంప్లయింట్లు కనిపిస్తే ఆ కారు వదిలేయాలా?

సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. లక్షల్లో అమ్ముడైన కారుకి వందల కంప్లయింట్లు రావడం వింత కాదు. బాగా నడుస్తున్నవాళ్లు కూర్చుని రాయరు కూడా. చూడాల్సింది పోలిక: ఒకే లక్షణం, దాదాపు ఒకే కిలోమీటర్లు, ఒకే రెండు మూడు మోడల్ సంవత్సరాలు పదే పదే కనిపిస్తున్నాయా?

అలాంటి పోలిక నిజంగా లోపాన్ని పట్టిచ్చిన సందర్భాలున్నాయి. 2004లో హోండా అమెరికాలో సుమారు 11 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. వాటిలో 2003, 2004 మోడల్ వీ6 (ఆరు సిలిండర్ల) అకార్డ్ సెడాన్లు కూడా ఉన్నాయి. రెండో గేర్ అతిగా వేడెక్కి పళ్లు విరిగే ప్రమాదం ఉందన్నది కారణం. ఆ గేర్ మీదకు ఆయిల్ ఎక్కువగా చేరేలా మార్పు చేశారు. నిసాన్ 2013 నుంచి 2016 దాకా వచ్చిన ఆల్టిమా సెడాన్‌లోని సీవీటీకి (గేర్లకు బదులు బెల్ట్‌తో నడిచే ఆటోమేటిక్) అమెరికాలో వారంటీని 60 నెలల నుంచి 84 నెలలకు పొడిగించింది. ఈ రెండు ఉదాహరణల్లోనూ గమనించాల్సిన సంగతి ఒకటుంది: లోపం కొన్ని సంవత్సరాలకు, కొన్ని గేర్‌బాక్స్‌లకు పరిమితం. అదే పేరుతో వచ్చిన ప్రతి కారుకీ కాదు. నాలుగు సిలిండర్ల అకార్డ్ ఆ రీకాల్‌లో లేదు.

సాధారణ ఆటోమేటిక్, సీవీటీ, డీసీటీ: పెద్ద ఫ్యామిలీ కారుకి ఏది మంచిది?

నిండుగా మనుషులు, సామాను, ఎక్కువ ట్రాఫిక్, ఎత్తు దారులు ఉన్న వాడకానికి టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న సాధారణ ఆటోమేటిక్‌నే నేను ముందు పెడతాను. నిలిచిన చోటు నుంచి కదిలేటప్పుడు ఆ బరువుని ఆయిల్ మోస్తుంది, క్లచ్ రాపిడి తక్కువ. సీవీటీలో గేర్లే ఉండవు. స్టీల్ బెల్ట్ లేదా చెయిన్ రెండు పుల్లీల మధ్య తిరుగుతుంది. మెత్తగా నడుస్తుంది, మైలేజీ బాగుంటుంది. కానీ బెల్ట్ జారితే పుల్లీ గీసుకుపోతుంది, అప్పుడు చిన్న రిపేరుతో సరిపోదు. డీసీటీలో రెండు క్లచ్‌లుంటాయి. హైవే మీద చాలా చురుకైనది. ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ రకమైతే పాకుతూ కదిలే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. పెద్ద కారులో డీసీటీ తీసుకుంటే అది వెట్ క్లచ్ రకమో కాదో అడిగి తెలుసుకోండి.

8 గేర్లు, 10 గేర్లంటే పాత 4 గేర్ల కంటే త్వరగా పాడవుతాయా?

గేర్ల సంఖ్య వల్ల కాదు. 2018 మోడల్‌తో టయోటా క్యామ్రీ 6 నుంచి 8 గేర్లకు వెళ్లింది. అదే ఏడాది అకార్డ్ 2.0 టర్బో 10 గేర్లతో వచ్చింది. గేర్లు పెరిగినా లోపలి క్లచ్‌ల సంఖ్య అదే లెక్కన పెరగదు. ఒక్కో క్లచ్ రెండు మూడు గేర్లలో పని చేసేలా అమరుస్తారు. నిజంగా పెరిగింది గేర్ మార్పుల సంఖ్య, సాఫ్ట్‌వేర్ మీద ఆధారం. అందుకే కొత్త తరం కార్లలో విరిగిపోవడం కంటే తికమకగా గేర్లు మార్చడం మీదే ఎక్కువ ఫిర్యాదులు వినిపిస్తాయి.

సెకండ్ హ్యాండ్ సెడాన్ చూడ్డానికి వెళ్తే గేర్‌బాక్స్ ఎలా పరీక్షించాలి?

ముందే ఫోన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని చెప్పండి. వేడి కారులో దాగిపోయే లోపాలు చల్లగా ఉన్నప్పుడు కనిపిస్తాయి, చల్లగా దాగినవి వేడెక్కాక కనిపిస్తాయి. కాబట్టి రెండూ చూడాలి. స్టార్ట్ చేసి బ్రేక్ నొక్కి ఉంచి న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కి, మళ్లీ న్యూట్రల్‌కి, రివర్స్‌కి వేయండి. ప్రతిసారీ గేర్ పట్టడానికి ఎంత సేపు పట్టిందో, ఎంత గట్టిగా తగిలిందో గమనించండి. తర్వాత కనీసం అరగంట నడపండి. అందులో నెమ్మదిగా వేగం పెంచడం, 60 నుంచి 80 కి.మీ. మధ్య ఒకే వేగంలో లైట్‌గా యాక్సిలరేటర్ పట్టడం, ఒక్కసారి గట్టిగా నొక్కడం, ఎత్తులో రివర్స్ ఎక్కడం తప్పకుండా ఉండాలి.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెట్టించండి. కోడ్ (లోపం నంబర్) లేకపోతే సంతోషపడి ఆగకండి. కారు తనను తాను పరీక్షించుకునే అంశాలు పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తే, ఈ మధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేశారని లేదా బ్యాటరీ తీసి పెట్టారని అర్థం. ఆయిల్ మార్చిన బిల్లు ఉందా అని అడగండి. "దీనికి ఆయిల్ మార్చక్కర్లేదు" అన్న జవాబు వస్తే ఆ ఖర్చు మీ ఖాతాలో రాసుకుని బేరమాడండి.

## కొత్త కారులో మొదటి నెలలు

కారు కొత్తదే, ట్రాఫిక్‌లో 30 కి.మీ. లోపు చిన్న కుదుపులు వస్తున్నాయి. లోపమా?

చాలాసార్లు కాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కంప్యూటర్ ప్రతి క్లచ్‌కి ఎంత ఒత్తిడి, ఎంత సేపు ఇవ్వాలో నడుస్తున్న కొద్దీ నేర్చుకుంటుంది. కొత్తలో ఆ లెక్క ఇంకా సరిగ్గా కుదరదు. బ్రేక్ వేస్తూ ఆగబోయి మళ్లీ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, రెండు నుంచి ఒకటికి దిగుతున్న గేర్ మధ్యలో చిక్కుకుని జర్క్ వస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లు రకరకాల వేగాల్లో నడిపితే తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే, లేదా కుదుపుతో పాటు శబ్దం వస్తుంటే మొదటి సర్వీస్ దాకా ఆగకుండా చూపించండి.

పొద్దున్నే మొదటి రెండు కిలోమీటర్లు గేర్ ఆలస్యంగా మారుతోంది. ఎందుకు?

కావాలనే అలా పెట్టారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కాలని కింది గేర్‌ని ఎక్కువ సేపు పట్టి ఉంచుతారు. ఆయిల్ వేడెక్కేదాకా టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపే క్లచ్) కూడా వేయరు. వేడెక్కాక మామూలైతే ఏ దిగులూ లేదు.

యాక్సిలరేటర్ నొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే భయంగా ఉంది.

ఈ భయం సహేతుకమైనదే, తేలిగ్గా తీసుకోవద్దు. మైలేజీ కోసం కారు వీలైనంత పై గేర్‌లో నడుస్తుంది. మీరు ఒక్కసారిగా నొక్కితే ఎనిమిదో గేర్ నుంచి నాలుగుకో మూడుకో దిగాలి, ఈలోపు ఇంజిన్ టార్క్‌ని కంప్యూటర్ తగ్గించి పట్టుకుంటుంది. అదే ఆ ఖాళీ క్షణం. టర్బో ఇంజిన్ అయితే టర్బో వేగం అందుకునే ఆలస్యం దానికి తోడవుతుంది. ఓవర్‌టేక్ చేసే ముందు స్పోర్ట్ మోడ్ వేయడం, లేదా స్టీరింగ్ వెనకుండే ప్యాడిల్‌తో రెండు గేర్లు ముందే దించుకోవడం మంచి అలవాటు. దీనికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి ఉంటుంది కూడా, మీ కారు నంబర్ చెప్పి అడగండి. ఆలస్యం ఒక సెకను దాటి స్పష్టంగా తెలుస్తుంటే, లేదా ఈ మధ్యే మొదలైతే మాత్రం అది డిజైన్ కాదు, పరీక్షించాల్సిన లోపం.

## లక్షణం కనిపించినప్పుడు

60, 70 కి.మీ. వేగంలో సన్నగా వణుకు వస్తోంది. గేర్‌బాక్సేనా?

రోడ్డు మీద వరుస గీతలు దాటుతున్నట్టు వణికి, రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంటే మొదటి అనుమానం టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్ మీదే. ఆ క్లచ్ కొద్దిగా జారుతూ పట్టేలా కొత్త కార్లలో నడిపిస్తారు. ఆయిల్ పాతబడితే మెత్తగా జారదు, పట్టి వదిలి పట్టి వదిలి వణుకుతుంది.

ఒక చిన్న పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు వస్తుండగా యాక్సిలరేటర్ అలాగే ఉంచి ఎడమ కాలితో బ్రేక్‌ని బ్రేక్ లైట్ వెలిగేంత మాత్రం తాకండి. చాలా కార్లలో దీంతో లాకప్ వదులుతుంది. వణుకు వెంటనే మాయమైతే అనుమానం బలపడుతుంది. బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి నొక్కితే ఇంజిన్ శక్తిని తగ్గించేసే కార్లున్నాయి, వాటిలో ఈ పరీక్ష పనికిరాదు.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. స్పార్క్ ప్లగ్, ఇగ్నిషన్ కాయిల్ సరిగ్గా లేక ఇంజిన్ మిస్ అయినా, పై గేర్‌లో లోడ్ పడినప్పుడు అచ్చం ఇలాగే వణుకుతుంది. స్కానర్‌లో ఒక్కో సిలిండర్ మిస్‌ఫైర్ లెక్క చూస్తే తేలిపోతుంది. ముందు అది చూడకుండా కన్వర్టర్ మార్చాలన్న మాటకి ఒప్పుకోకండి. కన్వర్టర్ వణుకు అని తేలినా, మొదట్లోనే పట్టుకుంటే సరైన ఆయిల్ మార్పుతో తగ్గిన కార్లు చాలా ఉన్నాయి. నెలల తరబడి వణకనిస్తే క్లచ్ లైనింగ్ రాలి ఆ పొడి వాల్వ్ బాడీలోకి (ఆయిల్‌ని ఒక్కో క్లచ్‌కి పంపే భాగం) వెళ్తుంది.

డ్రైవ్‌లో వేశాక కారు కదలడానికి ఎంత సేపు పట్టడం మామూలు?

టయోటా సర్వీస్ మాన్యువల్స్ చాలావాటిలో న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కి 1.2 సెకన్లు, రివర్స్‌కి 1.5 సెకన్ల లోపు ఉండాలని రాసి ఉంటుంది. మిగతా సాధారణ ఆటోమేటిక్‌లకీ దాన్ని ఉజ్జాయింపుగా వాడుకోవచ్చు. రాత్రంతా ఆగిన కారులో పొద్దున్న మాత్రమే ఆలస్యమైతే కన్వర్టర్‌లోని ఆయిల్ కిందికి దిగిపోతుందేమో, ఆయిల్ మట్టం తగ్గిందేమో చూడాలి. ఎప్పుడేసినా రెండు మూడు సెకన్లు పడుతుంటే ప్రెషర్ తగ్గింది, లేదా క్లచ్ సీళ్లు గట్టిపడ్డాయి. ఈ స్థితిలో యాక్సిలరేటర్ నొక్కి గేర్ పట్టించొద్దు. ఇంజిన్ వేగంగా తిరుగుతుండగా పట్టిన క్లచ్ కాలిపోతుంది.

ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరుగుతోంది కానీ స్పీడు పెరగట్లేదు. ఇంకొన్నాళ్లు నడపొచ్చా?

సాధారణ ఆటోమేటిక్‌లో అయితే వద్దు. క్లచ్ జారుతోందని అర్థం. జారిన ప్రతిసారీ వేడి పుడుతుంది, వేడికి ఆయిల్ మాడుతుంది, మాడిన ఆయిల్‌తో ఇంకా జారుతుంది. ఆయిల్ తగ్గినా ఇలాగే అవుతుంది, కాబట్టి ముందు మట్టం, లీక్ చూపించండి. సీవీటీలో గట్టిగా నొక్కినప్పుడు ఆర్‌పీఎం పైకి వెళ్లి నిలబడటం దాని స్వభావం. స్థిరంగా వెళ్తుండగా ఆర్‌పీఎం ఊగితేనే, లేదా శక్తి ఒక్కసారిగా తగ్గితేనే అనుమానించాలి.

హైవే మీద ఒకే గేర్‌లో ఇరుక్కుపోయింది, లైట్ వెలిగింది. ఆపి స్టార్ట్ చేస్తే బాగైంది. వదిలేయొచ్చా?

వదిలేయకండి. గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకోవడానికి రెండో మూడో గేర్‌లో ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేయగానే కంప్యూటర్ కొత్తగా మొదలుపెడుతుంది, లోపం మాత్రం అక్కడే ఉంటుంది. మంచి సంగతేమిటంటే కారణం చాలాసార్లు చిన్నదే: బలహీనమైన బ్యాటరీ, వదులైన కనెక్టర్, స్పీడ్ సెన్సర్. మెర్సిడెస్ పాత 5 గేర్ల ఆటోమేటిక్‌లో కనెక్టర్ దగ్గర చిన్న సీలు కారి, ఆ ఆయిల్ వైర్ల వెంట పాకి ఇలా చేయడం మెకానిక్‌లందరికీ తెలిసిన సంగతి. కోడ్ చెరిపేయక ముందే చదివించి ఫోటో తీసుకోండి.

గేర్ వేయగానే కింద ధడ్‌మని శబ్దం వస్తోంది. గేర్‌బాక్స్ పోయినట్టేనా?

ముందు ఇంజిన్ మౌంట్‌లు, గేర్‌బాక్స్ మౌంట్ చూడమనండి. రబ్బరు చిరిగితే ఇంజిన్ మొత్తం ఊగి ఇలా తగులుతుంది. గేర్‌బాక్స్ విప్పడంతో పోలిస్తే ఆ పని చాలా చిన్నది.

## ఆయిల్ గురించి

కంపెనీ లైఫ్‌టైమ్ ఆయిల్ అంటోంది. నిజంగా మార్చక్కర్లేదా?

మార్చండి. ఈ ఒక్క విషయంలో నాకు రెండో మాట లేదు. ఎన్నో కార్లలో 8 గేర్ల ఆటోమేటిక్ అందించే జెడ్ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమని చెబుతుంది. అదే గేర్‌బాక్స్ పెట్టుకున్న కొన్ని కార్ల కంపెనీలు లైఫ్‌టైమ్ అని రాశాయి. గేర్‌బాక్స్ తయారు చేసినవాళ్ల మాటే వినడం మేలు. నిండు లోడు, ఎండ, ఘాట్ రోడ్లు, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్ మీ రోజువారీ వాడకం అయితే 60,000 కి.మీ. దగ్గరే మార్చడం మంచిది. సీవీటీకి ఇది ఇంకా ముఖ్యం. ఆయిల్ వేడి మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 120 దాటిన కొద్దీ ఆయిల్ ఆయుష్షు చాలా వేగంగా పడిపోతుంది.

మెకానిక్ "ఏ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అయినా ఒకటే" అంటున్నాడు. నిజమేనా?

కాదు. ఆయిల్‌లో కలిపే రసాయనాలే క్లచ్ ఎంత పట్టాలో, ఎంత జారాలో నిర్ణయిస్తాయి. 1989లో క్రైస్లర్ తెచ్చిన అల్ట్రాడ్రైవ్ ఆటోమేటిక్ దీనికి పెద్ద గుణపాఠం. దానికి ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. దొరక్కపోతే డెక్స్‌రాన్ అనే మామూలు ఏటీఎఫ్ పోయవచ్చని ఓనర్లకు చెప్పారు. అలా పోసిన కార్లలో వణుకు, గేర్ మార్పుల ఇబ్బందులు పెరిగాయి. మాన్యువల్‌లో డెక్స్‌రాన్ 6, టయోటా డబ్ల్యూఎస్, హోండా డీడబ్ల్యూ-1, హ్యుందాయ్ ఎస్‌పీ-4 అని ఏది రాసి ఉంటే అదే, లేదా ఆ ప్రమాణానికి సరిపోతుందని స్పష్టంగా రాసిన ఆయిలే వేయించండి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్ట్ జారుతుంది. డబ్బా సీలు మీ కళ్ల ముందు తీయమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

1,50,000 కి.మీ. తిరిగింది, ఎప్పుడూ ఆయిల్ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుందట!

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, గేర్‌బాక్స్ జారడం మొదలయ్యాకే చాలామంది ఆయిల్ మార్పిస్తారు. అరిగిన క్లచ్ ఎలాగూ పోతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మీ కారు ఇప్పటికి సాఫీగా నడుస్తుంటే మార్చడమే మంచిది, కానీ పద్ధతి ముఖ్యం. మెషిన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేయించకండి, అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలో చేరొచ్చు. పాన్ (అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) విప్పి, ఫిల్టర్ మార్చి, కారినంత ఆయిల్ కార్చి అంతే కొత్తది పోయించండి. కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉన్న పాత ఆయిల్ దిగదు కాబట్టి ఒక్కసారికి దాదాపు సగమే మారుతుంది. కొంత తిరిగాక అదే పని మళ్లీ చేయిస్తే సరిపోతుంది.

పాన్‌లోని అయస్కాంతం చూడండి. సన్నని బూడిద రంగు పేస్ట్ మామూలే. గోటికి తగిలే లోహపు రేకులుంటే, ఆయిల్ నల్లగా మాడు వాసన వస్తుంటే, లోపల అరుగుదల ముదిరిందని అర్థం. అప్పుడు ఆయిల్ మార్పు రిపేరు కాదు. రిపేరుకి సిద్ధపడాలి.

డిప్‌స్టిక్ లేదు. ఆయిల్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో చూడటం కుదరదు. కారుని సమతలంగా లిఫ్ట్ చేసి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ మాన్యువల్ చెప్పిన వేడిలో ఉన్నప్పుడు, చాలా కార్లలో సుమారు 40 డిగ్రీల దగ్గర, పక్క ప్లగ్ విప్పి చూస్తారు. స్కానర్‌లో ఆయిల్ వేడి చూడకుండా మట్టం సరిచేస్తే ఎక్కువో తక్కువో అవుతుంది. రెండూ హానే. గేర్‌బాక్స్ కింద తడి కనిపించకపోతే మట్టం తనంతట తగ్గదు.

## సర్వీస్ సెంటర్‌లో

ఎన్నిసార్లు చూపించినా "ఇది నార్మలే సార్" అంటున్నారు. ఏం చేయాలి?

"గేర్‌బాక్స్ సరిగా లేదు" అని చెబితే ఎవరూ ఏమీ కనుక్కోలేరు. మీరు వెళ్లినప్పుడు కారు ఎలాగూ బుద్ధిగా నడుస్తుంది. ఇలా చెప్పి చూడండి: "ఇరవై నిమిషాలు నడిపాక, మూడు నుంచి నాలుగుకి మారేటప్పుడు, 45 కి.మీ. దగ్గర, యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి ఉన్నప్పుడు ఆర్‌పీఎం 500 పెరిగి పడుతుంది." ఈ వాక్యంతో అనుభవమున్న మెకానిక్ ఏ క్లచ్, ఏ సోలినాయిడ్ అనేదాకా ఆలోచించగలడు. మీటర్ కనిపించేలా పక్కన కూర్చున్నవాళ్లతో వీడియో తీయించండి.

తర్వాత మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. అతను నడిపితే లక్షణం రాకపోవచ్చు, మీ కాలికి వస్తుంది. అప్పటికీ నార్మలే అంటే అదే మోడల్, అదే ఏడాది ఇంకో కారు నడిపించమని అడగండి. అందులోనూ అలాగే ఉంటే అది ఆ కారు తీరు. లేకపోతే వాళ్ల మాట నిలవదు. ప్రతిసారీ మీ మాటలు జాబ్ కార్డ్ మీద ఉన్నవి ఉన్నట్టు రాయించి కాపీ తీసుకోండి. వారంటీ ముగిశాక పెద్ద రిపేరు వస్తే, ముందే చెప్పామనడానికి మీ చేతిలో ఉండే రుజువు ఆ కాగితమే.

స్కానర్‌లో ఏ కోడ్ రాలేదు. అంటే లోపం లేనట్టేనా?

కాదు. కంప్యూటర్ తన హద్దు దాటినప్పుడే కోడ్ రాస్తుంది. మీ ఒంటికి తెలిసే కుదుపు ఆ హద్దు లోపల ఉండొచ్చు. పీ0700 అనే కోడ్ వస్తే అది అసలు లోపం పేరు కాదు, గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ ఉందని చెప్పే సూచన మాత్రమే. చవక స్కానర్లు అక్కడే ఆగిపోతాయి. పీ0730 గేర్ నిష్పత్తి తప్పిందని, పీ0741 లాకప్ క్లచ్ పట్టడం లేదని చెబుతాయి. ఏ భాగం మార్చాలో కోడ్ చెప్పదు. ఎక్కడ వెతకాలో చెబుతుంది.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక ముందుకన్నా అధ్వానంగా ఉంది.

అప్‌డేట్‌తో పాటు గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న పాత లెక్క చెరిగిపోయి ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లు నడిపాక మెరుగవ్వాలి. కొన్ని మోడళ్లలో స్కానర్‌తో ప్రత్యేకంగా నేర్పించే పద్ధతి ఉంటుంది, అది చేశారో లేదో అడగండి. చేయకుండా కారు అప్పగించడం తరచూ జరుగుతుంది.

రీకాల్, సర్వీస్ బులెటిన్, పొడిగించిన వారంటీ: తేడా ఏమిటి?

రీకాల్ భద్రతకు సంబంధించినది, కంపెనీ ఉచితంగా సరిచేస్తుంది, ఓనర్లకు కబురు చేస్తుంది. సర్వీస్ బులెటిన్ మెకానిక్‌లకు కంపెనీ రాసే సూచన: ఫలానా లక్షణం వస్తే ఫలానా పని చేయండి అని. అది వారంటీలో ఉన్నంతవరకే ఉచితం, మీకెవరూ కబురు చేయరు, మీరే అడగాలి. పొడిగించిన వారంటీ కొన్ని భాగాలకు, కొన్ని మోడల్ సంవత్సరాలకు మాత్రమే ఉంటుంది. చాసిస్ నంబర్ చెప్పి మూడింటి గురించీ విడివిడిగా అడగండి.

## పెద్ద రిపేరు

గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. ఒప్పుకోవాలా?

రెండో అభిప్రాయం తీసుకోకుండా వద్దు. ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికి వచ్చారో అడగండి: పాన్ విప్పి చూశారా, లైన్ ప్రెషర్ (లోపలి ఆయిల్ ఒత్తిడి) కొలిచారా, సోలినాయిడ్‌లు పరీక్షించారా? గేర్ మారడంలో లోపాలు చాలావరకు వాల్వ్ బాడీ, సోలినాయిడ్‌లలోనే ఉంటాయి. చాలా కార్లలో గేర్‌బాక్స్ దించకుండానే వాటిని మార్చవచ్చు. పాన్ నిండా లోహం, మాడిన ఆయిల్ చూపిస్తే అప్పుడు వాళ్ల మాట సరైనదే.

ఓవర్‌హాల్, ఫ్యాక్టరీ రీబిల్డ్, పాత కారు నుంచి తీసినది: ఏది ఎంచుకోవాలి?

ఆ గేర్‌బాక్స్ మీద చేయి తిరిగిన మెకానిక్ దొరికితే ఓవర్‌హాల్ (మీ గేర్‌బాక్స్‌నే విప్పి బాగుచేయడం) మంచిది, ఏ భాగం పోయిందో మీ కళ్లతో చూస్తారు. లేకపోతే ఫ్యాక్టరీలో రీబిల్డ్ చేసినది తీసుకోండి. దాంట్లో తెలిసిన బలహీన భాగాలను సాధారణంగా మెరుగుపరిచి పెడతారు, వారంటీ ఉంటుంది. పాత కారు నుంచి తీసినది చివరి దారి. అదే లోపం అందులోనూ సగం దూరం వచ్చి ఉండొచ్చు.

కొత్త గేర్‌బాక్స్ వేసిన కొద్ది నెలలకే మళ్లీ అదే సమస్య. ఎలా?

ఆయిల్ కూలర్ మార్చారా, కనీసం కడిగారా అని అడగండి. పాత గేర్‌బాక్స్ నుంచి కొట్టుకొచ్చిన లోహపు పొడి కూలర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. కడగకుండా బిగిస్తే అదే పొడి కొత్తదాంట్లోకి వెళ్తుంది. కన్వర్టర్ పాతదే వాడినా అంతే. ఇంకో కారణం రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ ఆయిల్‌లో కలవడం. ఆ నీరు క్లచ్ లైనింగ్ జిగురుని ఊడదీస్తుంది. ఆయిల్ పాల రంగులోకి మారితే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కారుని బండి మీద ఎక్కించి తీసుకెళ్లండి.

## రోజువారీ వాడకం

గేర్‌బాక్స్ ఎక్కువ కాలం నిలవాలంటే ఎలా నడపాలి?

కారు పూర్తిగా ఆగాకే డ్రైవ్ నుంచి రివర్స్‌కి వేయండి. వాలులో ఆపినప్పుడు బ్రేక్ మీద కాలుంచి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బరువు దాని మీద పడ్డాక పార్క్‌లో వేయండి. లేకపోతే కారు బరువంతా పార్క్ గేర్‌లోని చిన్న కొక్కెం మీద పడుతుంది. ఎత్తులో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో కారుని నిలబెట్టడం ఆయిల్‌ని మరిగించే అలవాటు, బ్రేక్‌తో ఆపండి. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలొద్దు, కింది గేర్ పట్టండి.

సిగ్నల్ దగ్గర ప్రతిసారీ న్యూట్రల్ వేయాలా?

అక్కర్లేదు. నిమిషం లోపు ఆగడానికి డ్రైవ్‌లోనే ఉంచి బ్రేక్ పట్టండి. చాలాసేపు కదలని జామ్ అయితే న్యూట్రల్ వేసి కాలికి విశ్రాంతి ఇవ్వొచ్చు.

దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగొచ్చా?

డ్రైవ్ చక్రాలు నేల మీద ఉంటే వద్దు. ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంప్ కూడా ఆగుతుంది, చక్రాలతో పాటు లోపలి భాగాలు ఆయిల్ లేకుండా తిరుగుతాయి. కారుని మొత్తం పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండి పిలవండి.

కారంటే ఇష్టమే, గేర్‌బాక్స్ రిపేరు పెద్దది. ఉంచుకోవాలా, అమ్మేయాలా?

రిపేరు ఖర్చుని కారు అమ్మకపు ధరతో ఒక్కదానితోనే పోల్చకండి. ఇదే చోటు, ఇదే సుఖం ఉన్న ఇంకో కారు కొనడానికి ఎంతవుతుందో, ఆ కారు గేర్‌బాక్స్ చరిత్ర మీకెంత తెలుసో కూడా లెక్కలోకి తీసుకోండి. ఇంజిన్, బాడీ, సస్పెన్షన్ గట్టిగా ఉంటే, మిగతా సర్వీసులన్నీ మీ చేతుల మీదుగా జరిగి ఉంటే, వారంటీతో సరైన రిపేరు చేయించి ఉంచుకోమనే నేను చెబుతాను. తుప్పు పట్టిన కారు, ఆయిల్ తాగే ఇంజిన్, రీబిల్డ్ దొరకని సీవీటీ: ఈ మూడింటిలో ఏ రెండు కలిసినా అమ్మేయడం నయం. అమ్మేటప్పుడు లక్షణం దాచకండి. కోడ్ చెరిపి అమ్మితే ఆ కారులో రేపు హైవే మీద ఆగిపోయేది ఇంకో కుటుంబం. ఉన్న లోపం చెప్పి, జాబ్ కార్డ్‌లన్నీ ఇచ్చి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మండి. రిపేరు చేయగల మెకానిక్‌లే అలాంటి కార్లు వెతుక్కుంటూ ఉంటారు.